పెద్దాయన కుర్చీలో తొలి ఏడాది

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో నార్త్ కరోలినాది పెద్ద పేరు. 2021లో ఆ జట్టు పగ్గాలు, అంతకుముందెన్నడూ ఏ విశ్వవిద్యాలయ ప్రధాన జట్టుకూ హెడ్ కోచ్‌గా చేయని మనిషి చేతికి వచ్చాయి. ఫిబ్రవరి దాకా తిట్లు తిన్న ఆ జట్టు ఏప్రిల్‌కల్లా జాతీయ ఫైనల్లో నిలబడింది. హ్యూబర్ట్ డేవిస్ తొలి సీజన్ కథ ఇది.

2022 ఫిబ్రవరి 16, బుధవారం రాత్రి. చాపెల్ హిల్‌లోని డీన్ స్మిత్ సెంటర్. ఇరవై ఒక్క వేలమందికి పైగా పట్టే ఆ స్టేడియంలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం జట్టు పిట్స్‌బర్గ్ చేతిలో 76-67తో ఓడిపోయింది. పిట్స్‌బర్గ్ ఆ ఏడాది గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువున్న జట్టు. అలాంటి జట్టు ఇంటికొచ్చి కొట్టిపోతే అభిమాని ఎలా ఊరుకుంటాడు?

అప్పటికి లెక్క 18 గెలుపులు, 8 ఓటములు. మరో విశ్వవిద్యాలయమైతే పర్వాలేదనుకునే లెక్కే. కానీ ఆ ఎనిమిదిలో ఐదు ఓటములు పదిహేను పాయింట్లకు మించిన తేడాతో వచ్చినవి. ఓడిపోవడం వేరు, పోరాడకుండా చేతులెత్తేయడం వేరు. ఈ కుర్రాళ్లకు పట్టుదల లేదన్నారు. కొత్త కోచ్ మంచివాడే గానీ ఇంత పెద్ద కుర్చీ ఆయనకు మోయలేని బరువన్నారు. మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంట్‌కు 68 జట్లను ఎంపిక చేస్తారు. అందులో నార్త్ కరోలినా పేరు ఉంటుందా అన్నదే ఆ రాత్రి ప్రశ్న.

ఆ తర్వాత ఏడు వారాల్లో జరిగింది చూస్తే ఎవరికైనా ఆశ్చర్యమే. అయితే ఆ గెలుపులకన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వేరే ఉంది. ఓడుతున్న రోజుల్లో హ్యూబర్ట్ డేవిస్ ఒక నిర్ణయానికి వచ్చారు, దాన్ని చివరిదాకా వదల్లేదు. ఆ నిర్ణయమే జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లింది. ఫైనల్లో ఆఖరి నిమిషాల్లో కాళ్లు లాగేసింది కూడా అదేనని నా అభిప్రాయం.

పది మైళ్ల పగ

మన దగ్గర కాలేజీ ఆటలంటే ఇంటర్ యూనివర్సిటీ పోటీలు, పేపర్లో నాలుగు లైన్ల వార్త. అమెరికాలో అలా కాదు. అక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్‌కు మన క్రికెట్‌కున్నంత పిచ్చి. మార్చి రెండో సగంలో మొదలయ్యే ఎన్‌సీఏఏ టోర్నమెంట్లో ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. జట్లను నాలుగు ప్రాంతాలుగా విడదీసి ఒక్కో ప్రాంతంలో 1 నుంచి 16 దాకా ర్యాంకులు ఇస్తారు. వాటిని సీడ్ అంటారు. 8వ సీడ్ అంటే మధ్యతరగతి జట్టని అర్థం.

నార్త్ కరోలినా రాష్ట్రంలో ఈ పిచ్చికి ఇంకో మెట్టు ఉంది. చాపెల్ హిల్‌లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం, డర్హమ్‌లో డ్యూక్ విశ్వవిద్యాలయం. మొదటిది ప్రభుత్వానిది, రెండోది ప్రైవేటుది. రెంటి మధ్యా దూరం పది మైళ్లు. ఇద్దరి రంగూ నీలమే, ఒకరిది లేత ఆకాశ నీలం, ఇంకొకరిది ముదురు నీలం. డ్యూక్ విద్యార్థులు ఈ మ్యాచ్‌లో చోటు కోసం వారాల తరబడి స్టేడియం బయట గుడారాలు వేసుకుని పడుకుంటారు.

ఈ గొడవ మనవాళ్లకు కూడా దూరమేం కాదు. ఈ రెండు క్యాంపస్‌లకు అరగంట కారు ప్రయాణంలో ఉన్న కేరీ, మోరిస్‌విల్ ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ కంపెనీల్లో ఉద్యోగాలకు వచ్చి స్థిరపడినవారు. కేరీలోని శ్రీవేంకటేశ్వర ఆలయానికి 87 అడుగుల రాజగోపురం లేచింది కూడా ఆ 2022లోనే. అక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు లేత నీలమా, ముదురు నీలమా అని బడి రోజుల్లోనే తేల్చుకుంటారు. తల్లిదండ్రులకు ఆట నియమాలు తెలిసినా తెలియకపోయినా డ్యూక్‌తో మ్యాచ్ ఎప్పుడో మాత్రం తెలుస్తుంది.

ఆ కుర్చీ చరిత్ర

1961లో డీన్ స్మిత్ అనే ముప్ఫై ఏళ్ల యువకుడు ఇక్కడ హెడ్ కోచ్ అయ్యారు. తొలి సీజన్లో 8 గెలిచి 9 ఓడారు. 1965 జనవరిలో వేక్ ఫారెస్ట్ జట్టు చేతిలో ఓడి బస్సులో క్యాంపస్‌కు తిరిగొస్తే, విద్యార్థులు ఆయన దిష్టిబొమ్మను వేలాడదీసి ఉంచారు. జట్టులోని బిల్లీ కనింగ్‌హామ్ బస్సు దిగి దాన్ని పీకి పారేశాడు. విశ్వవిద్యాలయం మాత్రం స్మిత్‌ను తీసేయలేదు. ఆయన 36 ఏళ్లు కొనసాగి 879 మ్యాచ్‌లు గెలిచారు. ఆ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ పొందిన తొలి నల్లజాతి క్రీడాకారుడు చార్లీ స్కాట్‌ను తెచ్చింది ఆయనే. మైకేల్ జోర్డాన్‌ను తీర్చిదిద్దిందీ ఆయనే. ఇప్పుడు ఆ స్టేడియానికి ఆయన పేరే.

పక్క ఊరి కథా ఇలాంటిదే. 1980లో డ్యూక్‌కు వచ్చిన మైక్ షషెఫ్‌స్కీ తొలి మూడు సీజన్లలో 38 గెలిచి 47 ఓడారు. పంపేయమని దాతలు ఒత్తిడి తెచ్చినా డ్యూక్ ఓపిక పట్టింది. 'కోచ్ కే'గా దేశమంతా పిలిచే ఆ మనిషి తర్వాత ఐదు జాతీయ టైటిళ్లు గెలిచారు. ఈ రోజు ఇలాంటి ఓపిక ఎవరికీ లేదు. టీవీ హక్కుల డబ్బు, టికెట్ల డబ్బు, దాతల డబ్బు రెండేళ్లకే ఫలితం అడుగుతున్నాయి.

స్మిత్ 1997లో తప్పుకున్నాక ఆయన దగ్గరే ముప్ఫై ఏళ్లు సహాయకుడిగా చేసిన బిల్ గత్రిజ్ మూడేళ్లు నడిపారు. ఆయన తర్వాత వచ్చిన మ్యాట్ డొహర్టీ పాత సిబ్బందిని పక్కనపెట్టి తన మనుషులను తెచ్చుకున్నారు. తొలి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడాది 8 గెలుపులు, 20 ఓటములు. మూడో ఏడాది ముగిశాక వెళ్లిపోవలసి వచ్చింది. 2003లో కాన్సాస్ నుంచి వచ్చిన రాయ్ విలియమ్స్ 18 ఏళ్లలో మూడు టైటిళ్లు తెచ్చారు, 2005, 2009, 2017ల్లో. మొత్తం కెరీర్‌లో 903 గెలుపులతో 2021 ఏప్రిల్ 1న రిటైర్ అవుతున్నానని ప్రకటించారు. తేదీ చూసి ఏప్రిల్ ఫూల్ అనుకున్నవాళ్లున్నారు.

నాలుగు రోజుల తర్వాత ఆ కుర్చీ హ్యూబర్ట్ డేవిస్‌కు ఇచ్చారు.

వద్దన్న ఇంటికే పెద్ద

హ్యూబర్ట్ బాబాయి వాల్టర్ డేవిస్ 1970లలో నార్త్ కరోలినా హీరో. 1974లో డ్యూక్‌తో మ్యాచ్‌లో ఆఖరి 17 సెకన్లలో 8 పాయింట్లు వెనకబడి ఉంటే, చివరి క్షణంలో దూరం నుంచి వేసి స్కోరు సమం చేసింది ఆయనే. అబ్బాయి కూడా అదే జట్టుకు ఆడాలని కలగన్నాడు. డీన్ స్మిత్‌కు మాత్రం అతని ఆట మీద నమ్మకం కుదరలేదు. ఈ స్థాయిలో ఆడలేవేమో, బెంచీ మీదే కూర్చోవలసి వస్తుందేమో అని ముఖం మీదే చెప్పారు. పదహారేళ్ల వయసులో తల్లిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న కుర్రాడు. వెనక్కి తగ్గలేదు. అవకాశం ఇచ్చి చూడమన్నాడు.

నాలుగేళ్లు తిరిగేసరికి అతను 1,615 పాయింట్లు చేశాడు. 1991లో జట్టును ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ సెమీఫైనల్స్‌కు చేర్చినవారిలో ఒకడయ్యాడు. అక్కడ వాళ్లను ఓడించింది కాన్సాస్. ఆ కాన్సాస్ కోచ్ ఎవరంటే రాయ్ విలియమ్స్. హ్యూబర్ట్ జీవితంలో కాన్సాస్ పేరు మళ్లీ వస్తుంది.

1992లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని న్యూయార్క్ నిక్స్ జట్టు ఆయన్ను తీసుకుంది. పన్నెండు సీజన్లు ఆడిన ఆయన త్రీ పాయింటర్లలో, అంటే గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో, 44 శాతం బుట్టలో వేశారు. ఎన్‌బీఏ చరిత్రలోనే అలాంటి లెక్క ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత ఈఎస్‌పీఎన్ టీవీలో విశ్లేషకుడు. 2012లో రాయ్ విలియమ్స్ పిలిస్తే సహాయ కోచ్‌గా సొంత గూటికి వచ్చారు. తొమ్మిదేళ్లు అసిస్టెంటు. ఆ కాలంలో ఆయన సొంతంగా నడిపింది విశ్వవిద్యాలయంలోని జూనియర్ వర్సిటీ జట్టు, అంటే ద్వితీయ శ్రేణి జట్టు, ఒక్కటే.

పురుషుల బాస్కెట్‌బాల్‌లో నార్త్ కరోలినాకు ఆయన తొలి నల్లజాతి హెడ్ కోచ్. చార్లీ స్కాట్ అడుగుపెట్టిన 1966 నుంచి లెక్కేస్తే ఆ పీఠానికి 55 ఏళ్లు పట్టింది. జోర్డాన్ మొదలుకొని ఈ జట్టుకు పేరు తెచ్చిన గొప్ప ఆటగాళ్లలో చాలామంది నల్లజాతివాళ్లే. కుర్చీ దాకా రావడానికి మాత్రం అన్నేళ్లు. ఈ మాట చెప్పకుండా ఈ కథ రాయకూడదు.

డొహర్టీ పొరపాటు హ్యూబర్ట్ చేయలేదు. జెఫ్ లీబో, షాన్ మే, బ్రాడ్ ఫ్రెడరిక్, ఇలా సిబ్బందిలో చుట్టూ నార్త్ కరోలినా పాత ఆటగాళ్లనే పెట్టుకున్నారు. ఆటను మాత్రం మార్చారు. రాయ్ విలియమ్స్‌కు బుట్ట దగ్గర ఇద్దరు భారీకాయులు ఉండాలి. హ్యూబర్ట్ ఒక్కణ్నే లోపల ఉంచి నలుగురిని గీత బయటికి పంపారు. తానే త్రీ పాయింటర్ల మనిషి కాబట్టి ఆ ఆట మీద నమ్మకం. దానికి బయటి నుంచి వేయగల పొడగరి ఒకడు కావాలి.

అదే ఏడాది కాలేజీ ఆటలో రెండు గోడలు కూలాయి. ఆటగాడు ఒకసారి ఏడాది ఖాళీగా కూర్చోకుండానే కాలేజీ మారొచ్చన్నారు. 2021 జులై నుంచి తన పేరు మీద, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. ఒక్క వేసవిలో నార్త్ కరోలినా నుంచి వాకర్ కెస్లర్ ఆబర్న్‌కు, గారిసన్ బ్రూక్స్ మిసిసిపీ స్టేట్‌కు వెళ్లిపోయారు. డేరాన్ షార్ప్ ఎన్‌బీఏకు పోయాడు. ఓక్లహోమా నుంచి బ్రేడీ మానెక్, మార్కెట్ విశ్వవిద్యాలయం నుంచి డాసన్ గార్సియా వచ్చారు. పాత కోచ్‌లు కుర్రాళ్లను నాలుగేళ్లు పెంచుకునేవారు. కొత్త కోచ్ ఒక వేసవిలో జట్టు కట్టుకోవాలి.

సీజన్ మొదట్లో ఆయన ప్రతి ఆటగాడి లాకర్‌లో ఒక ఫొటో పెట్టారు. న్యూఆర్లీన్స్‌లోని సూపర్‌డోమ్ బొమ్మ. ఆ ఏడాది ఫైనల్ ఫోర్ జరిగేది అక్కడే. 1982లో కుర్రాడైన జోర్డాన్ చివరి షాట్ వేసి డీన్ స్మిత్‌కు తొలి టైటిల్ తెచ్చిందీ, 1993లో స్మిత్ రెండో టైటిల్ గెలిచిందీ అదే సూపర్‌డోమ్‌లో. డ్రెస్ మార్చుకోవడానికి లాకర్ తెరిచినప్పుడల్లా ఆ ఫొటో కనిపించాలి.

చలికాలం

నవంబరులో పర్డ్యూ చేతిలో 93-84, మర్నాడే టెనెసీ చేతిలో 89-72. డిసెంబరులో లాస్‌వేగాస్‌లో కెంటకీ 98-69తో చితకబాదింది. జనవరి ఇంకా ఘోరం. 18న మయామీలో 85-57. నాలుగు రోజులకు వేక్ ఫారెస్ట్‌లో 98-76. స్మిత్ దిష్టిబొమ్మ వేలాడింది కూడా జనవరిలోనే, వేక్ ఫారెస్ట్ ఓటమి తర్వాతే. ఈసారి దిష్టిబొమ్మలు కట్టాల్సిన పని లేదు, ఫోన్లలోనే ఆ పని అయిపోయింది.

ఈ మధ్యలోనే గార్సియా కుటుంబంలో కోవిడ్ కష్టాల వల్ల ఇంటికి వెళ్లిపోయాడు. ఆ సీజన్లో మళ్లీ ఆడలేదు. బెంచీ పలచబడింది. ఇలాంటప్పుడు కొత్త కోచ్‌లు సాధారణంగా ఏం చేస్తారు? రోజుకో జట్టు దింపుతారు. ఈ రోజు వీడు, రేపు వాడు. ఓటమికి ఎవరో ఒకరిని బాధ్యుణ్ని చేసి బెంచీ మీద కూర్చోబెడతారు. హ్యూబర్ట్ దానికి సరిగ్గా ఎదురు దారి పట్టారు. ఐదుగురిని ఎంచుకున్నారు. గెలిచినా ఓడినా వీళ్లే అన్నారు. అలసిపోయినా వీళ్లే.

ఆ ఐదుగురినీ పరిచయం చేయాలి. లోపలి భారీకాయుడు అర్మాండో బేకాట్, వర్జీనియాలోని రిచ్‌మండ్ కుర్రాడు. షాట్ గురి తప్పి బంతి గాల్లోకి లేస్తే దాన్ని అందుకోవడాన్ని రీబౌండ్ అంటారు. ఆ ఏడాది బేకాట్ పట్టినన్ని రీబౌండ్లు చూసి ప్రత్యర్థులు ముక్కున వేలేసుకున్నారు. ఒకే మ్యాచ్‌లో పాయింట్లూ రీబౌండ్లూ రెండూ పది లేదా అంతకు మించితే డబుల్ డబుల్. అలాంటివి ఆ సీజన్లో 31 చేశాడు. డేవిడ్ రాబిన్సన్ పేరు మీదున్న పాత రికార్డుతో సమానం.

సెయింట్ లూయిస్ నుంచి వచ్చిన కేలబ్ లవ్ గార్డు, అంటే బంతిని నడిపించే ఆటగాడు. మంచి రోజున దేవుడు, చెడ్డ రోజున మొండివాడు. న్యూయార్క్ శివారు వైట్ ప్లెయిన్స్ కుర్రాడు ఆర్జే డేవిస్, పొట్టివాడు, నిదానస్తుడు. గడ్డం పెంచిన మానెక్‌ను చూసి అభిమానులు పాతకాలపు ల్యారీ బర్డ్‌తో పోల్చేవారు. బయటి నుంచి వేయగల పొడగరి అని చెప్పానే, అతనే. కోవిడ్ వల్ల ఇచ్చిన అదనపు ఏడాది వాడుకోవడానికి ఓక్లహోమా నుంచి వచ్చాడు. ఐదోవాడు లీకీ బ్లాక్. స్కోరు పట్టికలో ఇతని పేరు పక్కన పెద్ద అంకెలుండవు. ఎదుటి జట్టులో ఎవడు ప్రమాదకరమో వాణ్ని రాత్రంతా అంటిపెట్టుకుని ఊపిరి ఆడనివ్వకపోవడం ఇతని పని.

అక్కడి పత్రికలు వీళ్లకు 'ఐరన్ ఫైవ్' అని పేరు పెట్టాయి. పేరు వచ్చేముందు ఇంకా రెండు దెబ్బలు తినాల్సి ఉంది. ఫిబ్రవరి 5న డ్యూక్ చాపెల్ హిల్‌కు వచ్చి 87-67తో గెలిచింది. డ్యూక్ కుర్రాడు ఏజే గ్రిఫిన్ ఒక్కడే 27 పాయింట్లు వేశాడు. ఆ సీజన్ తర్వాత రిటైర్ అవుతానని కోచ్ కే ముందే ప్రకటించి ఉన్నారు. చాపెల్ హిల్‌లో ఆయన ఆఖరి మ్యాచ్ అది, అవలీలగా గెలిచి వెళ్లిపోయారు. పదకొండు రోజులకు పిట్స్‌బర్గ్ ఓటమి.

జట్టును మార్చడానికి అంతకన్నా తగిన రోజు లేదు. మార్చలేదు. మూడు రోజుల తర్వాత బ్లాక్స్‌బర్గ్‌కు వెళ్లి వర్జీనియా టెక్‌ను వాళ్ల ఊళ్లోనే 65-57తో ఓడించారు, అదే ఐదుగురితో. ఈ సీజన్ మలుపు ఎక్కడంటే చాలామంది డ్యూక్ మ్యాచ్‌లు చూపిస్తారు. నేను మాత్రం ఈ మ్యాచ్‌నే చూపిస్తాను. ఇది ఓడి ఉంటే మిగతాదేదీ జరిగేది కాదు. తర్వాత లూయివిల్, ఎన్‌సీ స్టేట్, ఓవర్‌టైమ్‌లో సిరక్యూజ్ పడిపోయాయి.

మార్చి 5

డ్యూక్ స్టేడియం పేరు క్యామెరాన్ ఇండోర్. చిన్నది, 9,314 మంది పడతారు. 42 ఏళ్ల తర్వాత కోచ్ కే సొంత మైదానంలో ఆడిస్తున్న ఆఖరి మ్యాచ్. తొంభైమందికి పైగా పూర్వ ఆటగాళ్లు దేశం నలుమూలల నుంచి వచ్చారు. మ్యాచ్ తర్వాత సన్మానానికి అన్నీ సిద్ధం. నెల కిందట ఇరవై పాయింట్ల తేడాతో ఓడిన జట్టు ఆ పండగలో అతిథి అని అందరూ అనుకున్నారు.

రెండో సగంలో పండగ ఆగిపోయింది. ఐదుగురిలో నలుగురు ఇరవై పాయింట్లు, అంతకు మించి వేశారు. బేకాట్ 23, లవ్ 22, ఆర్జే డేవిస్ 21, మానెక్ 20. ఇరవై దాటని ఐదోవాడు లీకీ బ్లాక్ గ్రిఫిన్‌ను పది లోపే ఆపేశాడు. ఫిబ్రవరిలో 27 వేసినవాడు! నార్త్ కరోలినా 94, డ్యూక్ 81. కోచ్ కే మైకు తీసుకుని ఈ రోజు మా ఆట ఆమోదించదగ్గది కాదని తన ప్రేక్షకులతోనే చెప్పుకోవాల్సి వచ్చింది. హ్యూబర్ట్ కళ్లనీళ్లు ఆపుకోలేకపోయారు. ఆయన తరచూ కంటతడి పెడతారు, దాచుకోరు. పెద్ద కోచ్‌లంటే రాతి ముఖాలే ఉండాలన్న ఆ ఆటలో నాకది చాలా నచ్చింది.

జాతీయ టోర్నమెంట్లో 8వ సీడ్ దక్కింది. తొలి మ్యాచ్‌లో మార్కెట్ మీద 95-63. రెండోది బేలర్, అంతకుముందు ఏడాది చాంపియన్, ఆ ప్రాంతానికి 1వ సీడ్.

బేలర్ మ్యాచ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. పది నిమిషాల ఆట మిగిలి ఉండగా నార్త్ కరోలినా 67-42తో ముందుంది. పాతిక పాయింట్లు! మంచం దిగి టీవీ ఆపేసే తేడా. అప్పుడు మోచెయ్యి తగిలించాడని మానెక్‌ను మైదానం నుంచి పంపేశారు. అప్పటికి అతను 26 పాయింట్లు వేసి ఉన్నాడు. తర్వాత ఐదు ఫౌళ్లు పూర్తయి లవ్ కూడా మైదానం వదలాల్సి వచ్చింది. బేలర్ ఎదురుదాడితో బంతిని మధ్య గీత దాటించడానికే కష్టమైపోయింది. పాతిక కరిగి పది, పది కరిగి సున్నా. ఆట సమయం అయ్యేసరికి 80-80. ఐదుగురి మీద ఆధారపడ్డ జట్టుకు ఇద్దరు పోతే ఏమవుతుందో ఆ పది నిమిషాలు చూపించాయి. ఓవర్‌టైమ్‌లో 93-86తో ఎలాగో బయటపడ్డారు, అదీ 30 పాయింట్లు వేసిన ఆర్జే డేవిస్ పుణ్యాన. గెలిచారు కాబట్టి అందరూ పొగిడారు. నా లెక్కలో ఆ మ్యాచ్ ఒక హెచ్చరిక.

ఫిలడెల్ఫియాలో యూసీఎల్ఏ మీద 73-66. తొలి సగంలో మూడు పాయింట్లే వేసిన లవ్ విరామంలో బూట్లు మార్చుకుని వచ్చి రెండో సగంలో 27 వేశాడు. బూట్ల మహిమ అన్నారు. వేయలేకపోతున్నవాణ్ని బెంచీకి పిలవకుండా వేస్తూనే ఉండమన్న కోచ్ వల్లే అది జరిగిందని నేననుకుంటాను. తర్వాత ఎవరూ ఊహించకుండా అంతదాకా వచ్చిన చిన్న కాలేజీ సెయింట్ పీటర్స్‌ను 69-49తో దాటారు. బేకాట్ ఒక్కడే 22 రీబౌండ్లు పట్టాడు.

లాకర్‌లోని ఫొటో నిజమైంది. సూపర్‌డోమ్. సెమీఫైనల్లో ఎదురుగా ఎవరు? డ్యూక్.

న్యూఆర్లీన్స్

ఈ రెండు జట్లూ అంతకుముందు రెండు వందల సార్లకు పైగా ఆడాయి. జాతీయ టోర్నమెంట్లో మాత్రం ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఏప్రిల్ 2న తొలిసారి ఎదురుపడ్డాయి. ఓడితే కోచ్ కే కెరీర్ అక్కడితో సరి.

ఆధిక్యం 18 సార్లు చేతులు మారింది. ఆఖరి నిమిషాల్లో బేకాట్ చీలమండ మెలిపడి కుంటుతూ బయటికి వెళ్లాడు. కాసేపటికే కుంటుతూ తిరిగొచ్చాడు, ఆ రాత్రి 21 రీబౌండ్లు. నిమిషం లోపు ఉండగా డ్యూక్ భారీకాయుడు మార్క్ విలియమ్స్ ఫౌల్‌కు దక్కిన రెండు ఫ్రీ త్రోలలోనూ గురి తప్పాడు. నార్త్ కరోలినా ఒక్క పాయింటు ముందు, 75-74. 25 సెకన్లు మిగిలాయి. లవ్ ఎదురుగా అదే మార్క్ విలియమ్స్, ఏడడుగుల మనిషి. లవ్ ఒకడుగు వెనక్కి వేసి గీత బయటి నుంచి ఆ చేతుల మీదుగా వేశాడు. 78-74. చివరికి 81-77. ఆ రాత్రి లవ్ మొత్తం 28. కోచ్ కే 1,202 గెలుపుల దగ్గర ఆగిపోయారు.

రెండు రోజుల తర్వాత ఫైనల్. ప్రత్యర్థి కాన్సాస్. తొలి సగంలో వరసగా 16 పాయింట్లు వేసి నార్త్ కరోలినా విరామానికి 40-25 ఆధిక్యంలోకి వెళ్లింది. విరామానికి పదిహేను వెనకబడి ఫైనల్ గెలిచిన జట్టు అప్పటిదాకా లేదు. ఆ రాత్రి కాన్సాస్ గెలిచింది, 72-69.

ఎందుకు ఓడారంటే రకరకాల సమాధానాలున్నాయి. లవ్ 24 షాట్లు ప్రయత్నించి 5 మాత్రమే బుట్టలో వేయగలిగాడు. నిమిషం లోపు ఉండగా ఒక్క పాయింటు వెనకబడి బంతితో బుట్ట వైపు వెళ్తున్న బేకాట్‌కు ఆ పాత చీలమండే మళ్లీ మెలిపడింది. నేల పలక కుంగిందా లేదా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అతను బయటికి పోతే కాన్సాస్ భారీకాయుడు మెక్‌కార్మాక్‌ను మానెక్ కాయాల్సి వచ్చింది, కాయలేకపోయాడు. అన్నీ నిజమే. వీటన్నిటి వెనకా ఉన్నది మాత్రం ఒకటే, ఐదు జతల అలసిన కాళ్లు. స్కోరు పట్టిక చూడండి. 69 పాయింట్లలో 58 ఆ ఐదుగురివే. మిగిలిన 11 బెంచీ నుంచి వచ్చిన పఫ్ జాన్సన్‌వి. ఆ కుర్రాడు మైదానంలోనే పొట్ట పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఇంకొకడు ఉంటే బాగుండేది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇంకొకణ్ని తయారుచేసే తీరిక హ్యూబర్ట్‌కు లేదు. అప్పుడు ఆ తీరిక వెతుక్కుని ఉంటే బ్లాక్స్‌బర్గ్‌లోనే సీజన్ ముగిసిపోయేదేమో.

అందుకే ఆయన నిర్ణయాన్ని తప్పని నేననను. చేతిలో ఉన్నదాంతో ఆయన సరైన పందెమే వేశారు. దాని ధర చివరి ఇరవై నిమిషాల్లో కట్టారు.

మరుసటి ఏడాది మానెక్ తప్ప నలుగురూ తిరిగొచ్చారు. సీజన్‌కు ముందు దేశంలో నంబర్ వన్ అన్నారు. 20 గెలిచి 13 ఓడారు. టోర్నమెంట్‌ను 64 జట్లకు పెంచిన 1985 తర్వాత, నంబర్ వన్‌గా మొదలై అందులో చోటే దక్కించుకోలేని తొలి జట్టుగా మిగిలారు. ఆ తర్వాతి ఏడాది మళ్లీ 29 గెలుపులు, 1వ సీడ్. మొదటి ఏడాది చూసి నెత్తిన పెట్టుకున్నవాళ్లే రెండో ఏడాది రాజీనామా అడిగారు, మూడో ఏడాది మళ్లీ చప్పట్లు కొట్టారు. డీన్ స్మిత్‌కు నాలుగేళ్లు, కోచ్ కేకు మూడేళ్లు దొరికిన ఊపిరి ఇప్పటి కోచ్‌కు మూడు నెలలు కూడా దొరకడం లేదు. ఇది ఆటకు మంచిది కాదు, ఆడే పిల్లలకు అసలే కాదు.

ఈ ఆట ఎప్పుడూ చూడని పాఠకులకు ఒక్క మాట. ఆ మార్చి 5 మ్యాచ్ ఇంటర్నెట్లో దొరుకుతుంది. రెండో సగమైనా చూడండి. బంతి వెంట, బుట్టలో వేసేవాళ్ల వెంట కళ్లు ఎలాగూ పోతాయి. ఓ పది నిమిషాలు మాత్రం లీకీ బ్లాక్‌నే చూడండి. హ్యూబర్ట్ డేవిస్ ఏ నమ్మకంతో ఆ ఐదుగురినీ మార్చలేదో ఈ వ్యాసంకన్నా అతని ఆటే బాగా చెబుతుంది.